జలగర్భమున చరిత్ర: నౌకాదళపు గజయీతగాండ్రు

యుద్ధచరిత్రలు చదువునప్పుడు సేనానాయకుల పేర్లు, నౌకల పేర్లు, జయాపజయముల తేదీలు మనకు సులభముగ లభించును. ఫిరంగుల మ్రోత చల్లారిన పిమ్మట మునిగిన నౌకయొద్దకు దిగి, కన్ను పొడుచుకొన్నను కానరాని చీకటిలో చేతులతో తడవికొనుచు, అచ్చటి పత్రములను, వస్తువులను, మృతదేహములను పైకి తెచ్చినవారి పేర్లు మాత్రము ఆ పుటలలో అరుదు. యుద్ధమున ఏమి జరిగినదో నిర్ణయించుటకు ఆధారము తెచ్చినవారు వారే. వారి సాహసమును, ఆ పనిలోని ప్రమాదములను, మన తెలుగు తీరముననే జరిగిన యొక ముఖ్య సంఘటనను ఈ రజతోత్సవ సంచిక చదువరులకు విన్నవించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

సముద్రమునకు ఎంతో దూరముననున్న సిద్దిపేట సీమవారికి ఈ ప్రసంగమేల యని కొందరు శంకింపవచ్చును. మనకు సముద్రము లేకున్నను చెరువులు కలవు. నీట మునిగి పనిచేయువారిని మన పెద్దలు బాగుగ నెరుగుదురు. చెరువు నిండుగా నున్నప్పుడు తూమునకు మొద్దు అడ్డుపడినను, మూత కదలకున్నను, ఊపిరి బిగబట్టి దిగి సరిచేయువాడు నీరటికాడు. తూము నోటియొద్ద నీరు లాగు బలమెట్టిదో వానికే తెలియును. కాలో చేయో అందు చిక్కెనా, పైనున్నవారు చేయగలిగినది స్వల్పము. పూర్వపు గ్రామలెక్కలలో నీరటి యినాము ఎన్ని గుంటలో వ్రాయబడియుండును. వాడు ఎన్నిమారులు ప్రాణమునకు తెగించి మునిగెనో ఏ లెక్కలోను లేదు. నౌకాదళపు గజయీతగాని పరిస్థితియు ఇంచుమించుగ ఇట్టిదే. లోతు హెచ్చు, అపాయము హెచ్చు, కీర్తి మాత్రము అంతే.

నీట మునిగినదానిని పైకి దెచ్చుట మహాకార్యమని మన పురాణకర్తలు ఏనాడో గుర్తించిరి. రాక్షసుడు అపహరించిన వేదములను మత్స్యావతారమున భగవంతుడు జలమునుండి మరల తెచ్చెను. వరాహావతారమున రసాతలమునకు క్రుంగిన భూమినే కోరపై నెత్తెను. మన బమ్మెర పోతనామాత్యుని భాగవతమున ఈ రెండు కథలును కలవు. మొదటిది పోయిన గ్రంథమును తెచ్చుట, రెండవది మునిగిన భారమును లేపుట. నేటి నౌకాదళములు యుద్ధానంతరమున చేయు పనులును ఈ రెండే. ఆ వరాహమూర్తి నరసింహునితో గూడి వెలసిన సింహాచలము విశాఖపట్టణము చెంతనే యుండుట, ఇక చెప్పబోవు కథయు ఆ పట్టణపు సముద్రముననే జరుగుట ఒక చక్కని పొత్తు.

భారతమున దుర్యోధనుడు జలస్తంభన విద్యచే మడుగులో దాగెనని వింటిమి. సామాన్య మానవునకు ఆ విద్య లేదు. మన మీదనున్న గాలి బరువును ఒక వాతావరణ పీడనమందురు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు అట్టి పీడనము మరియొకటి చేరును. 40 మీటర్ల అడుగున మనుష్యుని దేహముపై ఐదింతల పీడనముండును. అచ్చట ఊపిరి పీల్చవలెనన్న అంతే పీడనముగల గాలిని అందింపవలెను. 19వ శతాబ్ది పూర్వార్ధమున లండను నగరమున అగస్టస్ సీబే యనువాడు రాగి శిరస్త్రాణము, నీరు చొరని దుస్తులు, పైనుండి గాలి పంపు గొట్టము గల యొక సాధనమును రూపొందించెను. సీసపు తూనికలు, బరువైన పాదరక్షలతో గూడి అది ఇంచుమించు 80 కిలోగ్రాముల బరువు. దానిని ధరించి దిగినవాడు మాటాడలేడు. త్రాటిని ఇన్నిమారులు లాగిన ఇట్టి అర్థమని పైవారితో ముందుగ ఏర్పాటు చేసికొనవలసినదే. ఆ త్రాడు, ఆ గొట్టము, ఈ రెండే వానికిని లోకమునకును గల సంబంధము. గొట్టము ఇనుపరేకు అంచున తెగెనా, ప్రాణము నిలుచుట దుర్లభము.

అంతకన్న వింతయైన అపాయము పైకి వచ్చునప్పుడు కలుగును. అధిక పీడనమున పీల్చిన గాలిలోని నత్రజని రక్తమునందును కొవ్వునందును కరగియుండును. మెల్లగా పైకి వచ్చిన అది ఊపిరితో వెడలిపోవును. తొందరపడి వచ్చిన, గోలీసోడా మూత నొక్కగనే బుడగలు పొంగినట్లు, అది దేహములోనే బుడగలై పొంగును. కీళ్ళు భరింపరాని నొప్పి పెట్టును, కాళ్ళు పడిపోవును, ఒక్కొకప్పుడు ప్రాణమే పోవును. దీని కారణమును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ 1878లో వెల్లడించెను. స్కాట్లండునకు చెందిన జె. ఎస్. హాల్డేన్ 1908లో, ఏ లోతున ఎంతసేపున్నవాడు ఏయే మెట్టుపై ఎన్ని నిమిషములాగి పైకి రావలెనో పట్టికలు వేసి ప్రకటించెను. నాటినుండి యీతగాని ప్రాణము ఆ పట్టికలోని అంకెలపై ఆధారపడియున్నది. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు, అంకె తప్పిన మనిషియే పోవు ఆ పట్టిక తలపునకు వచ్చినప్పుడెల్ల ఒళ్ళు జలదరించును.

ఇవి శాంతికాలమునను ఉండు కష్టములు. యుద్ధమున మునిగిన నౌకలో వీనికి తోడు మరికొన్ని చేరును. ప్రేలని టార్పెడోలు, మైనులు అందుండును. చీలిన ఉక్కురేకులు కత్తులవలె నిలిచియుండును. పై అంతస్తులు ఎప్పుడు కూలునో తెలియదు. చమురు, బురద కలసిన నీటిలో దీపము వెలిగించినను మూరెడు దూరము కానరాదు. మూసికొనిపోయిన గదులలో పదార్థములు క్రుళ్ళి విషవాయువు నిండియుండును. చేయి చాపిన తగులునది ఇనుపకడ్డీయో, మరణించిన నావికుని భుజమో తడవి తెలిసికొనవలసినదే. లోతు పెరిగినకొలది నత్రజని ప్రభావమున మద్యము సేవించినవానికివలె బుద్ధి మందగించును. అట్టి బుద్ధితోనే ఈ పనులన్నియు చేయవలయును.

ప్రపంచచరిత్రనుండి రెండు ఉదాహరణములు చాలును. మొదటి ప్రపంచయుద్ధమున, 1917 జనవరి 25వ తేదీన, లారెంటిక్ అను బ్రిటిషు నౌక ఐర్లండు ఉత్తరతీరమున మైనులు తగిలి మునిగెను. 354 మంది మరణించిరి. యుద్ధసామగ్రి కొనుటకై అమెరికాకు పంపుచున్న 3,211 బంగారు కడ్డీలు అందుండెను. హాల్డేనుతో కలసి ప్రయోగములలో పాల్గొని స్వయముగ లోతులకు దిగిన డామంట్ అను నౌకాదళాధికారి ఆ బంగారమును తీయుటకు నియుక్తుడయ్యెను. తుపానులకు నౌక నలిగి అంతస్తుపై అంతస్తు కూలినది. బంగారము ఇసుకలో కూరుకొనిపోయినది. ఆయన మనుష్యులు సుమారు 40 మీటర్ల అడుగున ఇసుకను చేతులతో తోడుచు, ఒక్కొక్క కడ్డీని తడవి తీసిరి. 1924 నాటికి 3,186 కడ్డీలు పైకి వచ్చినవి. బంగారముకన్న నాకు గొప్పగ తోచునది వేరొకటి కలదు. ఇన్ని వత్సరముల పనిలో, వేలకొలది మునకలలో, ఆయన ఒక్క యీతగానినైనను కోల్పోలేదు.

రెండవది 1941 డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు పెర్ల్ హార్బరు రేవుపై దాడిచేసిన తరువాతి కథ. నాటి దాడిలో మునిగిన, దెబ్బతిన్న అమెరికా యుద్ధనౌకలలో అరిజోనా, ఓక్లహోమా, యూటా అను మూడు దక్క తక్కినవన్నియు మరల సేవకు వచ్చినవి. లోకము దీనిని యంత్రశాలల మహిమయని పొగడెను. నౌకాదళపు యీతగాండ్రును, కూలిపని యీతగాండ్రును సుమారు 5,000 మునకలు మునిగి, నీటిలో ఇరువదివేల గంటలు పనిచేయకున్న ఆ మహిమ కలుగకపోయెడిది. చమురుతో నల్లబడిన నీటిలో చూపు పనిచేయదు గావున నౌక పటములను కంఠస్థము చేసికొని దిగిరి. నెవాడా అను నౌకను లేపునప్పుడు విషవాయువువలన ఇద్దరు మరణించిరి. వారిని చంపినది శత్రువు గుండు కాదు. మూసిన గదిలో నిలిచిన దుర్గంధము.

ఇక మన తీరమునకు వత్తము. రెండవ ప్రపంచయుద్ధము విశాఖపట్టణమునకు దూరపు వార్త కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు ఆ పట్టణముపై బాంబులు వేసినవి. 1944 ఫిబ్రవరి 11వ తేదీన ఓడల వరుసపై దాడిచేసిన ఆర్‌ఓ-110 అను జపాను జలాంతర్గామిని ఆ ప్రాంతపు సముద్రముననే జమ్నా అను మన నౌకయు, లాన్సెస్టన్, ఇప్స్విచ్ అను రెండు ఆస్ట్రేలియా నౌకలును కలసి ముంచినవి. ఇరువదియేడు వత్సరముల పిమ్మట అదే జలములు మరియొక జలాంతర్గామికి సమాధి కావలసియుండెను.

దానిపేరు ఘాజీ. అమెరికాలో నిర్మింపబడి, 1945లో డయాబ్లో పేరుతో ఆ దేశపు నౌకాదళమున చేరినది. 1964లో పాకిస్తానునకు ఇయ్యబడినది. స్పానిషు భాషలో దయ్యము అను పేరుగల ఆ నౌక, ధర్మయోధుడను అర్థముగల పేరు ధరించెను. 1971 నవంబరు 14వ తేదీన కమాండరు జఫర్ ముహమ్మద్ ఖాన్ నాయకత్వమున తొంబదిమందికి పైబడిన నావికులతో కరాచీ విడిచెను. పాకిస్తాను జలాంతర్గాములలో అంతదూరము వచ్చి బంగాళాఖాతమున సంచరింపగల శక్తి దానికొక్కదానికే కలదు. మన విమానవాహకనౌక విక్రాంతును ముంచుటయు, విశాఖ రేవుముఖమున మైనులు పరచుటయు దాని పని. తూర్పు నౌకాదళాధిపతియైన వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ విక్రాంతును అండమానులలో రహస్యముగ దాచి, అది విశాఖ ప్రాంతముననే యున్నట్లు శత్రువు నమ్ముటకు వలసిన యేర్పాట్లు చేసెను.

డిసెంబరు 3వ తేదీ రాత్రి లెఫ్టినెంట్ కమాండరు ఇందర్ సింగ్ నాయకుడుగాగల రాజపుత్ అను మన నౌక రేవునుండి వెడలుచు, నీటిలో అనుమానాస్పదమైన సుడిని చూచి రెండు జలాంతర విస్ఫోటకములను విడిచెను. అర్ధరాత్రి దాటిన కొలది నిమిషములకు పెద్ద ప్రేలుడు వినవచ్చి తీరమున ఇండ్ల కిటికీలు కంపించినవి. తెల్లవారిన పిదప, యుద్ధముతో సంబంధములేని చేపలు పట్టువారికి సముద్రముపై చమురుతెట్టెయు, తేలియాడు వస్తువులును కనబడెను. వారు వానిని తెచ్చి అధికారులకు అప్పగించిరి. ఘాజీ కథలో మొదటి సాక్షులు ఈ జాలరులే.

తేలిన వస్తువులు అనుమానమును కలిగించునే గాని నిశ్చయమును కలిగింపవు. మోసముచేయుటకై కొంత చమురును, నాలుగు వస్తువులను విడిచి జలాంతర్గామి తప్పించుకొనిపోవుట యుద్ధములలో లేకపోలేదు. ఘాజీ బ్రదికియున్నయెడల విక్రాంతునకు గండము. మునిగినయెడల తూర్పు సముద్రము మనది. ఈ ప్రశ్నకు సమాధానము అడుగుననే యున్నది. గావున యీతగాండ్రు దిగవలసివచ్చెను. ఆ వత్సరముననే సోవియట్ దేశమునుండి మన నౌకాదళమున చేరిన నిస్తార్ అను జలాంతర్గామి రక్షణనౌక ఈ పనికి తోడ్పడెను. నిస్తారమనగా దాటించుట, ఉద్ధరించుట. పేరునకు తగిన పని దొరకినది, కాని ఉద్ధరించుటకు బ్రదికియున్నవారెవ్వరును మిగులలేదు.

చదువరులు ఆ దిగినవారి స్థితిని ఒక్కసారి తలపవలెను. యుద్ధమింకను నడచుచున్నది. అడుగుననున్నది శత్రువు పాత్ర. దాని కడుపులో ప్రేలని టార్పెడోలెన్ని యున్నవో, చుట్టును మైనులు పరచెనో లేదో ఎవ్వరికిని తెలియదు. దాని ముందుభాగము ప్రేలుడుచే చితికియున్నది. అట్టిదానిని తడవి, పొడవు కొలిచి, రూపము గుర్తించి, ఇది ఘాజీయే యని పైకి చెప్పవలెను. కొన్ని దినముల ప్రయత్నమున వారు ఆ పని నెరవేర్చి, పత్రములను, వస్తువులను, కొన్ని మృతదేహములను పైకి తెచ్చిరి. డిసెంబరు 9వ తేదీన ఘాజీ మునిగిన వార్త లోకమునకు ప్రకటింపబడెను.

ఆ మృతదేహములనుగూర్చి అడ్మిరల్ కృష్ణన్ తన స్మృతిగ్రంథమైన ‘నో వే బట్ సరెండర్’లో చెప్పిన రెండు విషయములు మరువరానివి. ఒక యంత్రపు పనివాని పిడికిలిలో మర బిగించు పానా గట్టిగా పట్టియున్నట్లే యుండెనట. చివరి క్షణమువరకు వాడు తన పనిలోనే యున్నాడు. మరియొక నావికుని జేబులో తాను పెండ్లాడదలచిన కన్యకు ఉర్దూలో వ్రాసికొన్న లేఖ దొరకెనట. నైజాము పాలనలో మన తాలూకాకచేరీల దఫ్తరములన్నియు నడచిన లిపి అదియే. మన పెద్దలు పహాణీలలో చదివిన అక్షరములతోనే ఆ పడుచువాడు తన మనసు వ్రాసికొన్నాడు. శత్రువని దిగిన యీతగాడు మనిషిని పైకి తెచ్చినాడు. యుద్ధవార్తలలో శత్రువునకు ముఖముండదు. నీటి అడుగున దానిని చూచివచ్చినవాడు ఈ యీతగాడొక్కడే.

ఘాజీ ఎట్లు మునిగినదను విషయమున నేటికిని ఏకాభిప్రాయము లేదు. రాజపుత్ విడిచిన విస్ఫోటకములవలననే యని మనవారి వాదము. తాను పరచిన మైనుచేతనో, లోపలి ప్రేలుడుచేతనో మునిగెనని పాకిస్తానువారి వాదము. మన నౌకాదళమున పనిచేసిన పెద్దలలోను కొందరు ఈ రెండవదానికే మొగ్గుచూపిరి. ఈ సంఘటనకు చెందిన తూర్పు నౌకాదళపు కాగితములు నాశనమైనవని 2010లో వార్తాపత్రికలు ప్రకటించెను. కాగితము పోయినచోట వస్తువే సాక్షి. ఆ వస్తువును చేతితో తాకి వచ్చినవారి మాటయే ప్రమాణము. 2017లో వచ్చిన ‘ఘాజీ’ చలనచిత్రమును మన గ్రామమున చూడనివారు అరుదు. అందులో చూపిన జలాంతర్గాముల ద్వంద్వయుద్ధము కల్పన. కథకు అందము వలయును గాన వారిని తప్పుపట్టరాదు. కాని దానినే చరిత్రగా మన బాలురు నమ్ముట తగదు.

ఆ యుద్ధము 1971 డిసెంబరు 16వ తేదీన ముగిసినను యీతగాండ్ర పని ముగియలేదు. క్రొత్తగా వెలసిన బంగ్లాదేశమున చిట్టగాంగు రేవు మునిగిన ఓడలతోను, మైనులతోను మూసికొనిపోయెను. ఆకలితోనున్న ఆ దేశమునకు ధాన్యపుటోడలు రావలెనన్న రేవు తెరువవలెను. సోవియట్ నౌకాదళమువారు అడ్మిరల్ జువెంకో నాయకత్వమున 1972 ఏప్రిలునుండి 1974 జూనువరకు అచ్చట శ్రమించిరి. బురదనీటిలో, నదీప్రవాహపు ఒరవడిలో జరిగిన ఆ పనికాలమున, 1973 జులైలో, యూరీ రెద్కిన్ అను పడుచు నావికుడు మరణించెను. స్వదేశమునకు వేలమైళ్ళ దూరమున, తనది కాని యుద్ధపు శిథిలములను తొలగించుటకు వచ్చి, ఆతడు ఆ తీరముననే సమాధియయ్యెను.

ఘాజీ నేటికిని విశాఖ సముద్రముననే యున్నది. మన నౌకాదళమువారు లోతునీటి రక్షణయంత్రముతో దాని శిథిలములను గుర్తించినట్లు 2024లో వార్తలు వచ్చినవి. మరణించిన నావికులయెడ గౌరవముచే దానిని తాకక విడిచితిమని వారు తెలిపిరి. ఇది ఉచితము. 1971 డిసెంబరు 9వ తేదీ రాత్రి అరేబియా సముద్రమున డయ్యూ తీరముచెంత మునిగిన మన ఖుక్రీ నౌకలో 18 మంది అధికారులు, 176 మంది నావికులు అసువులు బాసిరి. మనవారు అచ్చట నిద్రించుచున్నారు. వారి వారు ఇచ్చట. ఇరువురకును సముద్రమొక్కటియే.

2025 జులై 18వ తేదీన విశాఖపట్టణమున నిస్తార్ అను పేరుతోనే క్రొత్తనౌక యొకటి నౌకాదళమున చేరినది. పాత నిస్తార్ పరదేశమున పుట్టినది. ఇది విశాఖయందలి హిందుస్థాన్ నౌకానిర్మాణశాలలోనే రూపొందినది. పొడవు 118 మీటర్లు. యీతగాండ్రు పీడనముగల గదులలోనే దినములకొలది నివసించుచు, 300 మీటర్ల లోతువరకు దిగి పనిచేయుటకు వలసిన సాధనములు ఇందున్నవి. ఒక్కొక్క మునకకు పైకి వచ్చి ప్రమాదము కొనితెచ్చుకొనుటకు మారుగా, పని ముగిసిన పిమ్మట ఒక్కమారే మెల్లగా పీడనము తగ్గించుకొందురు. హాల్డేను పట్టికనుండి ఇంతదూరము వచ్చితిమి. ఐనను చీకటి చీకటియే, చలి చలియే. దిగువాని గుండెధైర్యమును ఏ శాలయును నిర్మింపలేదు.

విహారయాత్రకై విశాఖకు వెళ్ళు మన యువకులు సముద్రతీరమున కురుసుర జలాంతర్గామిని, విజయస్మారకమును చూచి చిత్రములు తీసికొని వత్తురు. అచ్చట నిలిచినప్పుడు ఎదుటనున్న నీటివైపు కొంతసేపు చూడుడని నా మనవి. 1971లో దానిలోనికి దిగినవారెవరో మనలో చాలమందికి తెలియదు. మునిగిన వేదమును మత్స్యమూర్తి తెచ్చెనని చెప్పుకొన్న జాతి, మునిగిన నిజమును తెచ్చినవారి పేర్లు అడుగకుండుట ధర్మము కాదు. మన గ్రంథాలయమున యుద్ధములపై పుస్తకములు కలవు. యుద్ధములు చేసినవారిపైనను కలవు. యుద్ధము విడిచిపోయిన బరువును మోసినవారిపై పుస్తకము ఒక్కటియు లేదు. తమ యూరివాడో, బంధువో నౌకాదళమున ఇట్టి సేవచేసియున్నయెడల, ఆయన బ్రదికియుండగనే చెప్పించి వ్రాసి, ఒక ప్రతిని ఈ గ్రంథాలయమునకు ఇయ్యవలసినదిగా చదువరులను ప్రార్థించుచున్నాను. దానికొరకు బీరువాలో చోటుంచుట మా పని.